కంఠసర్పికి కళ్లెం వేసిన డాక్టర్

మీ పాప టీకాల కార్డు ఒకసారి తీసి చూడండి. తట్టు టీకా తొమ్మిది నెలలు నిండాకే ఎందుకు వేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? జవాబు కోసం ఎమిల్ వాన్ బెహ్రింగ్ జీవితంలోకి వెళ్లాలి.

ఆయన 1854లో ప్రష్యాలోని హాన్స్‌డోర్ఫ్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి బడిపంతులు, ఇంటినిండా పిల్లలు. డాక్టరు చదువు చదివించే స్తోమత లేదు. చదువయ్యాక సైన్యంలో పనిచేస్తానని ఒప్పుకొని బెర్లిన్‌లోని సైనిక వైద్య విద్యాలయంలో చేరారు. 1889లో రాబర్ట్ కోచ్ దగ్గర పరిశోధకుడయ్యారు.

కంఠసర్పి పేరు చెబితేనే తల్లులు వణికిపోయే కాలమది. గొంతులో పొర పేరుకుపోయి, ఊపిరాడక పిల్లలు కళ్లముందే ప్రాణాలు వదిలేవారు. 1890లో బెహ్రింగ్, జపాన్‌కు చెందిన కిటసాటో కలిసి ధనుర్వాతాన్ని తట్టుకునేలా చేసిన కుందేళ్ల సీరాన్ని చిట్టెలుకలకు ఎక్కించారు. అవీ జబ్బును తట్టుకున్నాయి. కంఠసర్పి విషయంలోనూ ఇదే జరిగింది. ఆ సీరంలో ఉన్నవాటినే ఇప్పుడు యాంటీబాడీలు అంటున్నాం. తర్వాత గుర్రాల సీరంతో ఎందరో పిల్లలు బతికారు. 1901లో వైద్యంలో తొలి నోబెల్ బెహ్రింగ్‌కే దక్కింది.

కానీ ఎక్కించిన సీరం రక్షణ కొన్ని వారాలే. ఒంట్లోని కణాలే యాంటీబాడీలు తయారుచేసుకోవాలంటే క్రిమి విషాన్ని, సీరాన్ని కలిపి ఇవ్వాలి. ఇక్కడే చిక్కు. సీరం పాలు మరీ ఎక్కువైతే గినీ పందుల్లో సొంత రక్షణ సరిగా పుట్టడం లేదని 1909లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్ చూపారు. అంటే యాంటీబాడీలు జబ్బుతో పోరాడటమే కాదు, రక్షణ కణాలకు కళ్లెమూ వేస్తాయి. పాళ్లు కుదిర్చి 1913లో బెహ్రింగ్ తన టీకాను ప్రకటించారు. పశువుల క్షయకు టీకా కోసం ఏళ్ల తరబడి శ్రమించినా ఫలించలేదు. 1917లో మార్బర్గ్‌లో కన్నుమూశారు.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు పసిబిడ్డలో తట్టు టీకాను సరిగా పనిచేయనివ్వవు. అవి తగ్గేదాకా ఆగుతాం. తల్లి ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తాం. ఇది అదే కళ్లెం: తల్లి కణాలు తర్వాతి బిడ్డకు హాని చేసే యాంటీబాడీలు తయారుచేయకుండా ఆపుతుంది.

కంఠసర్పి మన దేశం నుంచి ఇంకా పోలేదు. విషం గుండెకు పట్టాక సీరం ఎక్కించినా జరిగిన నష్టం వెనక్కి రాదు. ఏడాదిన్నరకు, అయిదేళ్లకు, పదేళ్లకు, పదహారేళ్లకు వేయించాల్సిన బూస్టర్లు కార్డులో ఉన్నాయో లేదో ఈరోజే చూసుకోండి.