సీటు అడిగితే కొలువిచ్చారు!

నర్సీపట్నం కాంప్లెక్సులో వైజాగ్ బస్సు కోసం నిలబడి, ఫైల్లో సర్టిఫికెట్లు మళ్లీ ఒకసారి సరిచూసుకుంటున్నారా? బస్సు వచ్చేలోగా మన ఉత్తరాంధ్రకే చెందిన ఒకాయన కథ వినండి.

ద్వారం వెంకటస్వామి నాయుడు 1893లో బెంగళూరులో పుట్టి, విశాఖపట్నంలో పెరిగారు. చూపు బాగా తక్కువ. అన్న వెంకటకృష్ణయ్య దగ్గర ఫిడేలు నేర్చుకుని, ఏళ్ల తరబడి సాధన చేశారు. 1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల మొదలైంది. అందులో విద్యార్థిగా చేరదామని నాయుడు గారు వెళ్లారు. ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు ఆయన వాయిద్యం విన్నారు. విన్నాక సీటు ఇవ్వలేదు, ఏకంగా ఫిడేలు ఆచార్యుడి ఉద్యోగమే ఇచ్చారు! 1936లో అదే కళాశాలకు నాయుడు గారు ప్రిన్సిపాల్ అయ్యారు.

అంతలా ఏముంది ఆయన వాయిద్యంలో? వేసవి మ్యూజిక్ ఫెస్టివల్స్‌లో జాజ్‌నీ ఎలక్ట్రానిక్ బీట్‌నీ కలిపి వాయించే బ్యాండ్ల వీడియోలు మీరు చూసే ఉంటారు. ఆ కలపడం కొత్తేమీ కాదు. ఫిడేలే యూరప్ నుంచి వచ్చి మన కచేరీల్లో స్థిరపడిన వాద్యం. నాయుడు గారు పాశ్చాత్య సంగీతాన్నీ శ్రద్ధగా విని, అక్కడి కమాను పనితనాన్ని మన రాగాలకు తగ్గట్టు మలుచుకున్నారు. రాగం మాత్రం చెక్కు చెదరలేదు. గాయకుడి పక్కన కూర్చునే ఆ వాద్యంతోనే సోలో కచేరీలు చేసి మెప్పించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ అందుకున్నారు. 1964లో కన్నుమూసినా, జనానికి ఇప్పటికీ ఆయన ఫిడేలు నాయుడు గారే.

దీన్ని అదృష్టం అనుకుంటే పొరపాటే. బీటెక్ అయ్యాక నేను వెళ్లిన తొలి ఇంటర్వ్యూలో నా మార్కులు ఎవరూ అడగలేదు. అక్కడికక్కడే చిన్న ప్రోగ్రామ్ రాయమన్నారు. చేతులు ఆడలేదు. తిరుగు ప్రయాణంలో ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రెజ్యూమేలో రాసుకున్న వాటిలో నాకు నిజంగా వచ్చినవి ఎన్నో అప్పుడు లెక్కేశాను. రెండే తేలాయి.

ప్రతి ఇంటర్వ్యూ బోర్డులోనూ నారాయణదాసు ఉండరు, నిజమే. కానీ ఉన్న రోజున వాయించమంటే వాయించడానికి మన దగ్గర ఏదో ఒకటి ఉండాలి కదా? పది నిమిషాల్లో చేసి చూపించగలిగే పని ఒక్కటి ఈ నెలలోనే సిద్ధం చేసుకోండి. ఫైలు ఎలాగూ చేతిలోనే ఉంటుంది!