రాబర్ట్ బాష్ (1861–1942)

ఇటుక గోడకు, కాంక్రీటుకు రంధ్రం చేసే డ్రిల్ యంత్రాన్ని మీరు చూసే ఉంటారు. అందులో తిరిగే బిట్టుకు మొన ఎంత ముఖ్యమో, యంత్రంలో బిగించే వెనుక భాగం కూడా అంతే ముఖ్యం. దీన్ని షాంక్ అంటారు. నేడు విరివిగా వాడే ఒక షాంక్ రకం జర్మనీ దేశస్థుడైన రాబర్ట్ బాష్ స్థాపించిన సంస్థ నుంచి వచ్చింది. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని, షాంకులను గుర్తించే పద్ధతిని తెలుసుకుందాం.

శిక్షణ

బాష్ 1861 సెప్టెంబరు 23న ఉల్మ్ నగరం దగ్గర ఆల్బెక్ గ్రామంలో జన్మించాడు. తండ్రి సత్రం నడుపుతూ వ్యవసాయం చేసేవాడు. 12 మంది సంతానంలో బాష్ 11వ వాడు. ఉల్మ్‌లో సూక్ష్మ పరికరాల పని నేర్చుకోవడానికి చేరాడు. అయితే అక్కడి యజమాని పని నేర్పడంలో శ్రద్ధ చూపలేదు. ఈ లోటును బాష్ జీవితాంతం మరచిపోలేదు. 1884లో అమెరికా వెళ్ళి ఎడిసన్ సంస్థలో, తరువాత ఇంగ్లండులో సీమెన్స్ సంస్థలో పనిచేశాడు.

కార్ఖానా

1886 నవంబరు 15న స్టుట్‌గార్ట్‌లో ఒక మెకానిక్కు, ఒక కుర్రవాడు సహాయకులుగా చిన్న కార్ఖానా తెరిచాడు. మొదటి సంవత్సరాలు అప్పులతో గడిచాయి. ఇంజన్లలో ఇంధనాన్ని మండించే మాగ్నెటో పరికరం ఆయనను నిలబెట్టింది. 1897లో దాన్ని మోటారు వాహనానికి అమర్చగలిగారు. 1906లో బాష్ తన కార్మికులకు ఎనిమిది గంటల పనిదినం అమలు చేశాడు. 1913లో పని నేర్చుకునేవారి కోసం ప్రత్యేక శిక్షణ విభాగం నెలకొల్పాడు. తనకు దక్కని శిక్షణ ఇతరులకు దక్కాలన్నది ఆయన పట్టుదల.

1922లో ఆ సంస్థ కలకత్తాలో అమ్మకాల ఏజెన్సీ ఏర్పరచింది. 1932లో విద్యుత్తుతో నడిచే బాష్ సుత్తిని విడుదల చేసింది. నాజీల పాలనలో బాష్ యూదులకు సహాయం చేశాడు. అయినా యుద్ధకాలంలో ఆయన కార్ఖానాలలో బలవంతపు కూలీలు పనిచేశారన్నది కూడా చరిత్రే. 1942 మార్చి 12న ఆయన మరణించాడు. 1951లో భారతదేశంలో మైకో సంస్థ ఏర్పడింది. 1975లో బాష్ సంస్థ ఎస్.డి.ఎస్. షాంకును తెచ్చింది.

షాంకులను గుర్తించడం

బిట్టు వెనుక భాగాన్ని చూడండి.

1. నున్నగా గుండ్రంగా ఉంటే అది సాదా షాంక్. మూడు దవడల చక్‌లో బిగిస్తారు. పట్టు చాలకపోతే జారుతుంది.
2. ఆరు పలకలుంటే అది షట్కోణ షాంక్. దవడలు పలకలను పట్టుకోవడంవల్ల జారదు.
3. 10 మి.మీ. వ్యాసం, నాలుగు గాడులు ఉంటే ఎస్.డి.ఎస్. ప్లస్. వీటిలో రెండు గాడులు చివరిదాకా తెరిచి ఉంటాయి, రెండు మూసి ఉంటాయి.
4. 18 మి.మీ. వ్యాసం, ఐదు గాడులు ఉంటే ఎస్.డి.ఎస్. మాక్స్. ఇది పెద్ద యంత్రాలకు.

తెరిచిన గాడులు బిట్టును తిప్పుతాయి. మూసిన గాడులలో కూర్చునే గుండ్లు అది ఊడిపోకుండా ఆపుతాయి. బిట్టు ముందుకు వెనుకకు కొద్దిగా కదలగలదు. అందువల్ల సుత్తి దెబ్బ నేరుగా దాని వెనుక తగిలి, రాయి పొడి అవుతుంది. గాడుల బిట్టును సాదా చక్‌లో బిగించకండి. దవడలు సరిగా పట్టవు, బిట్టు జారి గాయం కావచ్చు.

పాఠ్యగత ప్రశ్నలు

1. బాష్ శిక్షణ విభాగాన్ని ఎందుకు నెలకొల్పాడు?
2. ఎస్.డి.ఎస్. ప్లస్, మాక్స్ షాంకులను ఎలా వేరు చేస్తారు?
3. మీ ఇంట్లోగాని, దగ్గరి దుకాణంలోగాని ఉన్న బిట్టును పరిశీలించి, దాని షాంక్ రకం రాయండి.