చదరంగ యోధుడు సుల్తాన్ ఖాన్

చదరంగమునకు పుట్టినిల్లు భారతదేశము. శ్రీకృష్ణదేవరాయల కాలమున బొడ్డుచర్ల తిమ్మన ఆ యాటలో మేటియని తెలుగునాట నేటికిని చెప్పుకొందురు. అదే యాట పరదేశములకు పోయి కొన్ని మార్పులు పొందినది. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తున ఒక గడి మాత్రమే నడచును. పాశ్చాత్య పద్ధతిలో రెండు గళ్లు నడువవచ్చును. ఒకదానిలో చేయి తిరిగినవాడు రెండవదానిలో తడబడుట సహజము. ఆ తడబాటును జయించి ప్రపంచ విజేతకు సరిజోడుగా నిలిచినవాడు సుల్తాన్ ఖాన్.

నేడు పాకిస్తానులో చేరియున్న పశ్చిమ పంజాబున, మిఠా తివానా యను గ్రామమున, ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో అతడు జన్మించెను. బాల్యముననే తండ్రియొద్ద దేశీయ చదరంగము నేర్చెను. ఉమర్ హయాత్ ఖాన్ అను సంపన్న భూస్వామి అతని నేర్పును గుర్తించి, ఆశ్రయమిచ్చి, పాశ్చాత్య నియమములను నేర్పించెను. 1928లో సుల్తాన్ ఖాన్ అఖిల భారత విజేత యయ్యెను. మరుసటి యేడు యజమాని వెంట లండనునకు పోయి, ఆ వేసవిలోనే బ్రిటిషు విజేత బిరుదమును గెలుచుకొనెను. అచ్చటి చలి అతనికి పడలేదు. చలిజ్వరము తఱచుగా బాధించెడిది. మెడకు గుడ్డ చుట్టుకొనియైనను బల్లయెదుట కూర్చుండెడివాడు. 1930వ సంవత్సరాంతమున హేస్టింగ్సు పట్టణమున ప్రారంభమైన పోటీలో, పూర్వ ప్రపంచ విజేతయగు కాపాబ్లాంకాను ఓడించెను.

1931లో ప్రాగ్ నగరమున దేశముల జట్లకు పోటీ జరిగెను. ఇంగ్లండు జట్టుకు మొదటి బల్లపై ఆడినవాడు సుల్తాన్ ఖాన్. పాలకుల జట్టుకు పాలితదేశపు యువకుడు ముందు నిలుచుట చిత్రమే గదా! ఫ్రాన్సు పక్షమున ఆడినవాడు నాటి ప్రపంచ విజేత అలెహిన్. ఆ పోటీలో అలెహిన్ 18 ఆటలాడి ఒక్కదానిలోనే ఓడెను. అట్టివాడు సుల్తాన్ ఖానును గెలువలేకపోయెను. సుల్తాన్ ఖానును అతనిని గెలువలేదు. ఇరువురకు చెరి అర పాయింటు లభించెను. ఆట సమముగా ముగిసిన ఫలము లేదని కొందఱు తలంతురు. కాని ఎదుటివాని ప్రతి యెత్తునకును తగిన సమాధానము దొరకిననే రాజు నిలుచును. అలెహినుతో ఆ విధముగా నిలుచుట ఎందఱికో సాధ్యము కాలేదు. ఆ పోటీలో సుల్తాన్ ఖాన్ 8 ఆటలు గెలిచి, 7 సమము చేసి, రెండింట మాత్రమే ఓడెను.

1932, 1933 సంవత్సరములలో మరల బ్రిటిషు విజేతయై, 1933వ సంవత్సరాంతమున యజమానితో స్వదేశమునకు మరలెను. పిమ్మట పెద్ద పోటీలలో అతడు కానరాలేదు. 1966లో సర్గోధాలో మరణించెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య అతనికి గౌరవ గ్రాండ్‌మాస్టరు బిరుదము నిచ్చినది 2024లో.