గురువారపు సాయంకాలము

ఇంగ్లండులోని ఎప్వర్తు గ్రామ పాదిరిగారి భార్య సుసన్నా వెస్లీ అమ్మగారు (1669–1742) పందొమ్మిదిమందిని కనిరి. పదిమందే పెరిగి పెద్దవారైరి. అప్పుల బాధ ఎడతెగలేదు. 1709లో ఇల్లు కాలిపోగా, ఐదేండ్ల జాన్‌ను కిటికీగుండ తప్పించిరి.

డెన్మార్కు రాజు పంపగా 1706లో మన దక్షిణదేశపు తరంగంబాడికి వచ్చిన మిషనెరీల వృత్తాంతమును కుమార్తె చదివి వినిపించెను. ఆ తల్లి హృదయము కదలెను. అంత దూరము తాను పోజాలదు. ఇంటనున్న బిడ్డల సంగతియేమి? 1712 నాటికి రాత్రికొక బిడ్డను, ఆదివారము ఇద్దరిని, ప్రత్యేకముగా కూర్చుండబెట్టుకొని ఆత్మీయ సంగతులు మాటలాడుచుండిరి. గురువారము జాన్‌ది. పొలమునుండి అలసివచ్చు మన తల్లులకు ఇది సులువని మేము చెప్పము. జాన్ పెద్దవాడై ఆక్సుఫర్డులో బోధించుచు, 1732లో, ఆ గురువారపు కొద్ది సమయమును మరల తన కొరకు ఉంచవలెనని తల్లికి వ్రాసెను.