కొలిమి పాఠశాల: హెన్రీ మాడ్‌స్లే

హెన్రీ మాడ్‌స్లే 1771వ సంవత్సరమున ఇంగ్లాండునందలి ఊలిచ్‌లో జన్మించెను. 12వ యేట ఆయుధాగారమున తూటాలలో మందు కూరు పనికి కుదిరెను. పిదప వడ్రంగము నేర్ప నియమించినను అతని మనస్సు కమ్మరికొలిమి మీదనే యుండెను. 15వ యేట కొలిమి చేరి, అనుభవజ్ఞులగు కమ్మరుల ప్రక్క నిలిచి సుత్తెపనిని, ఆకురాతిపనిని అభ్యసించెను.

1789లో లండనునందు తాళములు చేయు బ్రామాను పని యడిగెను. ఏడేండ్ల శిష్యరికము చేయనివానిని తోడిపనివారు ఒప్పుదురా యని ఆయన సంశయించెను. మాడ్‌స్లే అచటనున్న అరిగిన వైసును చూపి, సాయంత్రము 6 గంటలలోగా బాగుచేసెదననెను. గంట మ్రోగకమునుపే అది క్రొత్తదివలె నయ్యెను, పనివారందఱు మెచ్చిరి.

తరువాత అతడు స్వంత కర్మశాలలో మరమేకులను సరికొలతకు కోయు లేతును నిర్మించెను. విట్‌వర్త్, నాస్మిత్ మున్నగువారు అచటనే పని నేర్చిరి. 1831లో మరణించెను.

విద్యార్థులారా! అడిగి నేర్చుట సిగ్గు కాదనియు, నేర్చినది దాచుట తగదనియు మేము ఈ జీవితమునుండి గ్రహించితిమి.