మూడో తరగతి ప్రయాణికుడు

పోయిన సెలవలకి మంగినపూడిలో మా ఇంటికి వస్తుంటే రాత్రి రైలు మధ్యలో రెండు గంటలు ఆగిపోయింది. నా బెర్తు మీద కూర్చున్న ఒకాయన లేవనంటే లేవనన్నాడు. పెద్ద గొడవ. ఇంటికొచ్చాక కూడా నా కోపం తగ్గలేదు. తర్వాత గాంధీగారి రైలు ప్రయాణాల గురించి చదివాను. నోటు మీది బొమ్మ కాస్తా పక్క సీట్లో మనిషి అయిపోయారు.

1869లో పోర్‌బందర్‌లో పుట్టి, లండన్‌లో లా చదివిన గాంధీ 1893లో ఒక కేసు పని మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. అప్పటికి వయసు 23. ఫస్ట్ క్లాస్ టికెట్ ఉన్నా, తెల్లవాడు కాదని ఒక ప్రయాణికుడు అభ్యంతరం పెట్టాడు. వేరే పెట్టెలోకి పొమ్మంటే ఈయన కదల్లేదు. జూన్ 7 రాత్రి పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో పోలీసుతో దింపేశారు. వెయిటింగ్ రూంలో చలికి వణుకుతూ, వెనక్కి వెళ్లిపోవాలా, ఉండి పోరాడాలా అని ఆలోచించారు. ఉండిపోయారు.

1915లో ఇండియా వచ్చాక కావాలనే థర్డ్ క్లాసులో తిరిగారు. 1917 సెప్టెంబరులో బొంబాయిలో మద్రాసు మెయిల్ ఎక్కారు. టికెట్ 13 రూపాయల 9 అణాలు, రెండు రాత్రుల ప్రయాణం. పెట్టెలో 22 మందికే చోటు. రాయచూరు తర్వాత ఆ లైను మన ఆదోని, గుంతకల్లు, కడప మీదుగా పోతుంది. ఆ రాత్రి పెట్టెలో 35 మంది అయ్యారు. కొందరు మురికి నేల మీదే పడుకున్నారు, కొందరు నిలబడ్డారు. ఐదు రాత్రులుగా రైల్లోనే ఉన్న ఒక వ్యాపారి ఎదురు తిరిగితే గార్డు అవమానించాడు. కొట్లాట దాకా వస్తే పెద్దవాళ్లు ఆపారు. దారంతా పెట్టె ఒక్కసారి కూడా ఊడవలేదు.

గాంధీ ఇదంతా లెక్కలతో సహా పత్రికలకి రాశారు. ఫస్ట్ క్లాసు చార్జీ ఐదు రెట్లు ఎక్కువ సరే, థర్డ్ క్లాసులో ఐదో వంతు సౌకర్యమైనా ఉందా అని అడిగారు. ఆత్మకథలో తోటి ప్రయాణికుల ఉమ్ముల్నీ, అరుపుల్నీ కూడా వదల్లేదు.

1893లో గొడవ తన ఒక్క సీటు కోసం. 1917లో 35 మంది కోసం. నాకు ఇక్కడే తగిలింది. ఆ రాత్రి నేను అరిచింది నా బెర్తు కోసమే. నిలబడి ఉన్నవాళ్లు నాకు కనిపించనే లేదు.

1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. ఫిబ్రవరిలో అస్థికల్ని ఢిల్లీ నుంచి అలహాబాదుకి స్పెషల్ రైల్లో తీసుకెళ్లారు. ఆ చివరి ప్రయాణం కూడా థర్డ్ క్లాసు పెట్టెలోనే.