మన మఖ్దూమ్ సాహెబ్

మఖ్దూమ్ మొహియుద్దీన్ పేరు వినని హైదరాబాదీ అరుదు. ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహాన్ని అందరం చూసినవాళ్ళమే. అయితే ఆ విగ్రహం వెనుక ఒక యతీమ్ పిల్లవాడి కథ ఉన్నదని మన పిల్లల్లో చాలామందికి తెలియదు.

ఆయన 1908 ఫిబ్రవరి 4న మెదక్ ప్రాంతంలోని ఆందోల్‌లో జన్మించారు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తండ్రి గౌస్ మొహియుద్దీన్ గారు పోయారు. చిన్నాన్న బషీరుద్దీన్ సాహెబ్ చేరదీసి పెంచారు. మసీదు ఊడవడం, వజూకి నీళ్ళు నింపడం ఆ చిన్నవాడి రోజువారీ పని.

చదువు కోసం హైదరాబాదు వచ్చాక జేబులో పైసా ఉండేది కాదు. ట్యూషన్లు చెప్పారు, వీధుల్లో బొమ్మలు అమ్మారు, చదువు మాత్రం వదల్లేదు. ఉస్మానియాలో ఎం.ఏ. పూర్తిచేశారు. 1933లో ఆయన సరదాగా కట్టిన 'పీలా దుశాలా' హాస్టల్ కుర్రాళ్ళ నోట మారుమోగింది. ముషాయిరాలో తరన్నుమ్‌తో గొంతెత్తితే జనం కదిలేవారు కాదట!

సిటీ కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం దొరికింది. కాని ఆయన జీతం రాళ్ళు వదులుకొని కార్మిక సంఘాల్లోకి దిగారు. ఫ్యాక్టరీ షిఫ్టుల మీద బతికిన కుటుంబాలు మన ఎర్రగడ్డలో ఎన్నో ఉన్నాయి. అది ఎంత పెద్ద త్యాగమో వాళ్ళకి వేరే చెప్పక్కరలేదు. 1944లో 'సుర్ఖ్ సవేరా' సంపుటి వచ్చింది. తెలంగాణా పోరాటంలో అజ్ఞాతవాసం, ఆపైన జైలు. 1952లో హుజూర్‌నగర్ ప్రజలు ఆయన్ని శాసనసభకు పంపారు.

సినిమా కూడా ఆయన గీతాలను వెతుక్కుంటూ వచ్చింది. 1964లో 'చా చా చా' చిత్రం కోసం రఫీ, ఆశా భోస్లే ఆయన నజ్మ్ పాడారు. 'గమన్' (1978), 'బాజార్' (1982) చిత్రాల్లోని ఆయన గజళ్ళు ఆయన పోయాక ఇంటింటా వినిపించాయి. 'బిసాతె రక్స్' సంపుటికి 1969లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. హైదరాబాదులో షా ఖామోష్ దర్గా వద్ద ఖననం చేశారు.

ఆయన రాజకీయాలు మనలో అందరికీ నచ్చకపోవచ్చు. కాని ఒక్క మాట ఆలోచించండి. ఆ రోజు చిన్నాన్న చెయ్యి పట్టుకోకపోతే ఆ గొంతు ఆందోల్ దాటేదా? అలాంటి పిల్లలు మన మొహల్లాలోనూ ఉన్నారు. ఫీజు కట్టలేక బడి మానేసే యతీమ్ పిల్లవాడు మీ కంటపడితే సంఘానికి కబురు చెయ్యండి. జకాత్ డబ్బుకి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?